బొగ్గుగీతకు ఇవతల

తడి దుప్పటిని తీగమీదికి విసురుతుండగా అసిరితల్లి కుడిభుజం జారిపోయింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బండిచక్రానికి చీల ఊడినట్టు లోపల ఏదో కదిలింది, అంతే. చెయ్యి తనది కానట్టు వేలాడింది. దుప్పటి మట్టిలో పడింది. ఇంట్లో ఎవరూ లేరు. ద్వారబంధానికి భుజం ఆనించి, పళ్ళు బిగబట్టి, తనే ఒక్క తోపు తోసుకుంది. కీలు టక్కుమని వెళ్ళి కూర్చుంది. కాసేపు గడపమీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, లేచి దుప్పటి మళ్ళీ జాడించి ఆరేసింది. ఈసారి ఎడమచేత్తో.

అలా జారడం అది రెండోసారి. మొదటిసారి పక్క ఊళ్ళో కట్లు కట్టే ముసలాయన ఎక్కించి, "మూడోమాటు జారిందా, ఇంక ఇది నిలవదమ్మా. ఉత్త కుండైనా ఎత్తలేవు" అని చెప్పి పంపించాడు.

కుండ సంగతి అసిరికి పెద్ద దిగులు కాదు. దిగులంతా కర్ర గురించి. పద్నాలుగో ఏట కర్రసాములో చేరింది. ఇప్పుడు పంతొమ్మిది. ఇంకో నలభై రోజుల్లో గైరమ్మ అమ్మవారి సంబరం. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచి, మొదటి దెబ్బ తిప్పే కర్రను వాళ్ళ ఊళ్ళో ముందు కర్ర అంటారు. రెండేళ్ళుగా అది ఆమె చేతిలోనే ఉంది. ఆ చెయ్యే ఇప్పుడు దుప్పటి మొయ్యలేకపోయింది.

ఎవరికీ చెప్పకూడదనుకుంది.

*

నాగావళి ఒడ్డున దూలంవలసలో కర్రసాము నేర్పే తాలింఖానా ఒకటి ఉండేది. చూడ్డానికి పెద్దదేం కాదు. తాటాకు పాక, నూనే మజ్జిగా పోసి మెత్తగా తొక్కిన ఎర్రమట్టి నేల, ఒకవైపు మట్టిగోడ. గురువు తవిటినాయుడికి డెబ్బై దాటాయి. మనిషి సన్నం, మాట తక్కువ. తెల్లవారకముందే వచ్చి నేల తడిపేవాడు. ఆ వయసులో ఆయన కర్ర తిప్పుతుంటే కర్ర కనిపించేది కాదు, గాలి మాత్రం వినిపించేది. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు మూడు సుడులు తిప్పి రొప్పుతూ ఆగిపోతే, ఆయన మాట్లాడుతూనే ముప్పై తిప్పేవాడు.

ఆ గోడకొక పద్ధతుంది. అమావాస్య అమావాస్యకీ శిష్యులు ఒక్కొక్కరే గోడకు అడుగు దూరంలో అటు వీపు పెట్టి నిలబడతారు. వెనక్కి వంగి, అరచేతులు గోడమీద పాకించుకుంటూ కిందికి దిగుతారు. ఎంతవరకు దిగితే అక్కడ గురువు బొగ్గుతో గీత గీసి, పక్కన ఆ మనిషి గుర్తు పెడతాడు. బిగుసుకుపోయిన ఒళ్ళతో వచ్చిన కుర్రాళ్ళకు ఆరు నెలలు కష్టపడితే గీత జానెడు కిందికి జరిగేది. జరిగిన రోజున వాళ్ళు తాలింఖానా అంతా పరుగులు పెట్టేవాళ్ళు.

అసిరి గీత చేరిన మొదటిరోజే నేలను తాకింది.

కుర్రాళ్ళంతా ఈలలు వేశారు. తవిటినాయుడు బొగ్గుముక్క చేతిలో పట్టుకుని గోడ అడుగున వంగి చూశాడు. "ఇంకేటి గీస్తాను? నేల అడ్డొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదని ఆ సందడిలో ఎవరూ గమనించలేదు.

ఆడపిల్లను ఆ ఊళ్ళో గుంట అంటారు. అప్పటినుంచి ఆమెకు ఎముకల్లేని గుంట అని పేరు పడింది. బొటనవేలు వెనక్కి విరిస్తే మణికట్టు దాటి ముంజేతికి ఆనేది. మోచెయ్యి చాపితే తిన్నగా ఆగకుండా అవతలివైపుకు కాస్త వంగేది. సంబరంలో వెనక్కి వంగి తల నేలకు ఆనించి, అలా ఉండగానే కర్ర తిప్పితే జనం అరుపులు ఏటి అవతలికి వినిపించేవి.

తాలింఖానాలో ఇంకో అలవాటు కూడా ఉంది. సాము మొదలుపెట్టేముందు ఇద్దరిద్దరు జతకట్టి ఒకరి చేతులూ కాళ్ళూ ఒకరు లాగుతారు. ఎక్కడ పట్టేసినట్టుంటే అక్కడ గట్టిగా లాగాలని లెక్క. అసిరికి జత కూర్మారావు. ఆమె కంటే నాలుగేళ్ళు పెద్ద. మంచి బలశాలి, నోరు మాత్రం కుదురుగా ఉండదు.

"ఒరే, సూడండ్రా! ఎంత లాగితే అంతొస్తంది! అందరికీ దేవుడు ఎముకలు పెట్టేడు, దీనికి అరటిదూట పెట్టేడు."

"కూర్మన్నా, నీకు మాత్రం రోకళ్ళు పెట్టేడు" అనేది అసిరి. నవ్వుతూనే ఇంకా లాగమనేది.

*

దుప్పటి మట్టిలో పడిన మర్నాడు పొద్దున్న, రోజూలాగే తవిటినాయుడు గోడవార నుంచి కర్రలు తీసి ఒక్కొక్కరికీ విసిరాడు. విసిరిన కర్రను కుడిచేత్తో అందుకోవడం అక్కడి మర్యాద. అసిరి ఎడమచేత్తో అందుకుంది.

గురువు అది చూశాడు. తక్కినవాళ్ళను ఏటి గట్టున పరుగుకు పంపాడు.

"నువ్వుండు" అన్నాడు అసిరితో.

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, అడిగాడు. "ఎన్నో మాటు?"

అబద్ధం చెప్పాలనుకుంది గానీ నోరు రాలేదు. "రెండోది."

"ఎవరెక్కించేరు?"

"నానే."

"ఏం చేస్తుండగా?"

ఈ సంగతి చెప్పడానికే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది. "దుప్పటి ఆరేస్తుండగా."

ఆయన నవ్వలేదు. "నొప్పులున్నాయా?"

"భుజమొకటే కాదు గురువుగారూ. మోకాళ్ళు, మణికట్టు, నడుము. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళంతా పట్టేసినట్టుంటాది. అందుకే పొద్దుటా సాయంత్రమూ ఇంకా గట్టిగా లాగుతున్నాను. బాగా వదులైతే తగ్గిపోద్దని."

తవిటినాయుడు ఆమెకేసి చూశాడు. తర్వాత కుండ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి తడుపుకుని వచ్చి, గోడ కింద కూర్చుని, అసిరి గీతను చెరపడం మొదలుపెట్టాడు. ఐదేళ్ళుగా ఒకే చోట గీసిన గీత అది. తొందరగా పోలేదు. మళ్ళీ తడిపి, మళ్ళీ రుద్ది, మొత్తం పోయాక లేచి, ఆమె రొమ్మెత్తున గోడమీద అడ్డంగా ఒక కొత్త గీత గీశాడు.

"గోడకేసి తిరుగు. అరచేతులు దీనిమీద పెట్టు. మోచేతులు బిగించీకు, కొంచెం మడత ఉండాల. ఆఁ, అలగ. ఇప్పుడు గోడని తొయ్యి. మెల్లగా."

"తోస్తే ఏటవుద్ది?"

"ఏమవ్వదు. గోడ కదలకూడదు. నువ్వూ కదలకూడదు."

ఆయన పది లెక్కపెట్టాడు. "ఒగ్గేయ్. ఊపిరి తీసుకో. మళ్ళీ."

ఐదుసార్లయింది. "సాలు. ఇంటికెల్లు. సాయంత్రం మళ్ళీ ఐదు."

"మరి సాము?"

"ఇదే."

అసిరి గోడమీంచి చేతులు తీసేసింది. "ముందు కర్ర గురువుగారూ? నలభై రోజులే ఉంది."

"భుజముంటే కర్రుంటాది" అని ఆయన పాక వెనక్కి వెళ్ళిపోయాడు.

*

మర్నాటినుంచి కుర్రాళ్ళంతా కర్రలు తిప్పుతుంటే అసిరి గోడను తోసేది.

"ఒలే, మెల్లగా! గోడ పడిపోతే పాక కూలిపోద్ది. మాకు పెళ్ళిళ్ళు కూడా అవ్వలేదు" అనేవాడు కూర్మారావు.

గోడను తోయడం అలవాటయ్యాక ఇంకొన్ని వచ్చాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము బెత్తెడంటే బెత్తెడే పైకెత్తి ఉంచాలి. ఒంటికాలిమీద నిలబడాలి, అదీ మోకాలు బిగించకుండా. అది కుదిరాక కళ్ళు మూసుకుని నిలబడాలి. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, చిన్న ఇసకమూట పట్టుకుని మెల్లగా పైకి, అంతకంటే మెల్లగా కిందికి. ఏదీ పదికి మించకూడదు. అలుపు రాకముందే ఆపెయ్యాలి. ఇంకోటి చేస్తానంటే గురువు ఒప్పుకోడు. చెయ్యనంటే అంతకంటే ఒప్పుకోడు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక వేపపుల్ల ఉండేది. అసిరి మోచెయ్యి గానీ మోకాలు గానీ తిన్ననయ్యే చోటు దాటి వెనక్కి వెళ్ళిందంటే, వెనకనుంచి పుల్లతో తాకేవాడు. కొట్టేవాడు కాదు, ఈగ వాలినట్టు తాకేవాడు.

"అక్కడ కాదు. ఇవతల."

అసిరి ఇవతలికి జరిగేది. తిన్నగా ఉంచితే వంకరగా ఉంచినట్టనిపించేది ఆమెకు. పుట్టాక మొదటిసారి తన మోకాలు తనకు కొత్తగా ఉంది.

నాలుగో రోజు పంతులుగారి పెళ్ళాం దారిన పోతూ పాకలోకి తొంగిచూసి, "అయ్యో, అసిరికి కాలికేమైనా అయిందా?" అంది. ఒంటికాలిమీద కళ్ళు మూసుకుని నిలబడ్డ అసిరి ఆ మాటకు తూలిపడింది.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. తననేదో మూలకు నెట్టేస్తున్నారనిపించింది. ముందు కర్ర కూర్మారావుకు ఇచ్చేస్తారనిపించింది. అందరూ చప్పట్లు కొట్టిన ఒళ్ళిది. దానికి గోడను తొయ్యడమా పని?

*

ఇరవయ్యో రోజున గురువు రావడం కాస్త ఆలస్యమైంది. కూర్మారావు ఊరుకోలేదు.

"అరటిదూట ఎండిపోనాదేమోరా. ఒంగడం మర్సిపోనాదిది."

అసిరి లేచింది. పాక మధ్యకు వచ్చి, గోడ ఆసరా లేకుండానే, చేతులు పైకెత్తి వెనక్కి వంగింది. ఒక్క ఊపులో తల నేలకు ఆనింది. కుర్రాళ్ళు కేకలు వేశారు. "అదీ! అదీ మన అసిరంటే!"

తలకిందులుగా ఉన్న ఆమె కళ్ళకు పాక గుమ్మంలో రెండు పాదాలు కనిపించాయి. కేకలు ఆగిపోయాయి.

"బాగుంది" అన్నాడు తవిటినాయుడు. కోపం లేదు ఆ గొంతులో. "లే."

లేచింది.

"ఇప్పుడు మళ్ళీ ఒంగు. కిందిదాకా వద్దు. సగం దాకా ఎల్లి ఆగు. పది లెక్కెడతాను."

సగమే కదా అనుకుంది అసిరి. వంగింది. నడుము ఎత్తుకు వచ్చేసరికి ఆగుదామనుకుంది. ఒళ్ళు ఆగలేదు. చేద తాడు చేతిలోంచి జారినట్టు సర్రున కిందికి పోయింది. మళ్ళీ లేచి మళ్ళీ వంగింది. ఈసారి తొడలు వణికాయి, కడుపు వణికింది, గురువు రెండు అనేలోపే నేలమీద ఉంది. మూడోసారీ అంతే.

తవిటినాయుడు కూర్మారావుకేసి చూశాడు. "నువ్వొంగరా."

కూర్మారావు వంగాడు. పాత మంచంలా కిర్రుమని సగంలో ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది గానీ నోరు ఊరుకోలేదు. "సూడండి గురువుగారూ, నానెలగ ఆగేనో! ఆగడంలో నాకు సాటెవడూ లేడు!"

పాకంతా ఘొల్లుమంది. గురువుకు కూడా నవ్వొచ్చింది. "నువ్వాగలేదురా. నీ నడుం ఆపీసింది."

నవ్వులు సద్దుమణిగాక అసిరివైపు తిరిగాడు. "చివరికెల్తే అక్కడ ఎముక ఆపుతాదమ్మా. నడిమిన ఎవరాపుతారు? కండ ఆపాల."

గురువు తక్కినవాళ్ళను ఏటి గట్టుకు పంపేశాడు. ఆమె తల వంచుకుని మట్టిలో కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

తవిటినాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కుడిచేతి చొక్కా మోచేతి పైదాకా మడిచాడు. ఎడమచేత్తో తన కుడి బొటనవేలు పట్టుకుని వెనక్కి వంచాడు. అది మణికట్టు దాటి మెత్తగా ముంజేతికి ఆనింది. తర్వాత చెయ్యి ముందుకు చాపాడు. మోచెయ్యి తిన్నగా వచ్చి, ఆగకుండా, అవతలివైపుకు వంగింది.

అసిరి ఏడుపు ఆగిపోయింది. ఐదేళ్ళుగా చూస్తున్న చెయ్యి అది. ఒక్కసారైనా అలా వంగడం చూడలేదు.

ఆయన చెయ్యి దగ్గరికి తీసుకుని చొక్కా దించాడు. "యాభై ఏళ్ళయింది దీన్ని ఎవరికైనా సూపించి."

"మీరు కూడానా గురువుగారూ?"

"మా గురువు నన్ను సంతలన్నీ తిప్పేవాడు. మడతెట్టి వడ్లగంపలో కూసోబెట్టి మూతేసేవాడు. మూత తీసి నాను బయటికొస్తుంటే జనం ఈలలు. రోజుకి ఏడెనిమిది మాట్లు." ఆయన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఇరవై రెండేళ్ళకి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాను. మా అమ్మ కలిపి పెట్టేది."

"మరెలగ బాగయ్యేరు?"

"గోడని తోసేను."

"ఎన్నాళ్ళు?"

"ఇయ్యాల పొద్దున్న కూడా తోసేను."

అసిరి ఆయన ముఖంలోకి చూసింది. తెల్లవారకముందే ఈ పాకలో ఒక్కడూ ఏం చేస్తాడో ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. నేల తడుపుతాడనే అనుకున్నారు.

"మరి ఈ బొగ్గుగీతలెందుకు గురువుగారూ?"

"బిగుసుకున్నోళ్ళకి అయ్యి దారి సూపిస్తాయి. కూర్మడికి అయ్యే మందు. మనలాంటోళ్ళకి గొయ్యి సూపిస్తాయి." తవిటినాయుడు గోడకేసి చూశాడు. "నీ గీత నేలని తాకిన రోజే నాను సెప్పాల్సింది. సెప్పలేదు. నిన్ను సూసి జనం అరుస్తుంటే, నా చెవులు కూడా ఆ సంతల్లోకి ఎల్లిపోనాయి. తప్పు నాదే తల్లీ."

ఒక గురువు శిష్యురాలితో ఆ మాట అనడం ఆ పాకలో ఎప్పుడూ జరగలేదు. కానీ అసిరి చెవిలో నిలిచిపోయింది ఆ మాట కాదు. మనలాంటోళ్ళు అన్నాడాయన. అది నిలిచిపోయింది.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. రొమ్మెత్తున గీసిన గీతమీద అరచేతులు పెట్టింది. మోచేతుల్లో కొంచెం మడత ఉంచింది. పుల్ల తాకకముందే.

*

మిగిలిన ఇరవై రోజులూ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

గోడ కదలలేదు. అసిరిలో మాత్రం ఏదో కదలడం మొదలైంది. భుజం వెనక, రెక్క కింద, ఇన్నాళ్ళూ నిద్రపోయినదేదో లేచి పనిలోకి వచ్చినట్టుండేది. కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే అది ఎక్కడుందో చూడకుండానే తెలిసేది. గురువు వేపపుల్ల మొదట్లో పూటకు ముప్పైసార్లు తాకేది. తర్వాత పదిసార్లు. ఒకరోజు పొద్దున ఆయన ఆ పుల్లతో పళ్ళు తోముకుంటూ కనిపించాడు.

సగం దాకా వంగి ఆగడం అన్నిటికంటే కష్టమైంది. మొదట వేలెడు వంగి ఆగింది. తర్వాత జానెడు. వారానికి ఆమె మూడు లెక్కపెట్టేదాకా నిలిచింది. పదిహేనో రోజుకు ఏడు.

కూర్మారావు కూడా మారాడు. ఆమె చేతులు లాగి ఆటపట్టించడం మానేశాడు. "నీ గోడ యాపారం నానూ సూస్తానుండు" అని ఒంటికాలిమీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. రెండు లెక్కపెట్టేలోపే దబ్బున పడ్డాడు. లేచి, మట్టి దులుపుకుని, "ఎలగ నిలబడతన్నావే తల్లీ!" అన్నాడు. అందులో వెటకారం లేదు.

సంబరానికి మూడు రోజుల ముందు ఇంట్లో అసిరి దుప్పట్లు ఆరేసింది. రెండు దుప్పట్లు, ఒక పరుపు గలేబు. అన్నీ తీగమీద వేసి లోపలికి వచ్చి, బియ్యం ఏరడానికి కూర్చున్నాక గుర్తొచ్చింది, కుడిచేత్తో వేశానని.

*

గైరమ్మ సంబరం రోజున ఏటి అవతలి ఊళ్ళనుంచి కూడా జనం వచ్చారు. ఊరేగింపు బయల్దేరేముందు సంబరం పెద్ద గౌరునాయుడు తాలింఖానాకు వచ్చాడు. బియ్యం మిల్లు ఆసామి, ఖర్చుకు వెనకాడడు, మెప్పుకు మాత్రం చెవి కోసుకుంటాడు.

"నాయుడూ, ఈయేడు జనమెక్కువ. మన ఎముకల్లేని గుంట గురించి ఊళ్ళన్నిటికీ సెప్పేసేను. పోయినేడు కంటే ఎక్కువ ఒంగాల మరి."

"అది దాని ఒళ్ళు బావూ. దాన్నే అడుగు" అన్నాడు తవిటినాయుడు.

గౌరునాయుడు అసిరికేసి చూశాడు. ఆమె నడుముకు గుడ్డ బిగించి కట్టుకుంటోంది. ఒప్పుకుందనుకుని ఆయన వెళ్ళిపోయాడు.

గురువు పసుపు రాసిన ముందు కర్ర తీశాడు. శిష్యులంతా వరసగా నిలబడ్డారు. ఆయన అసిరి దగ్గరికి వచ్చి ఆగాడు. విసరలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆమె కుడిచేతిలో పెట్టాడు.

డప్పులు మొదలయ్యాయి. అసిరి ముందు నడిచింది. అమ్మవారి పందిరి ముందు జనం వలయంగా నిలబడ్డారు. ఆమె కర్ర తిప్పింది. ఎదుటి నాలుగు కర్రలను కాచింది. కూర్మారావు ఆమె తలమీదికి కొట్టిన దెబ్బను ఆపినప్పుడు భుజం రాయిలా నిలిచింది. దెబ్బ కాచుకున్న కర్ర చప్పుడుకు కూర్మారావే ఉలిక్కిపడ్డాడు.

అప్పుడు జనంలోంచి అరుపు లేచింది. "ఒంగు! ఒంగు!"

అసిరి కర్ర తలపైకెత్తి తిప్పుతూ వెనక్కి వంగింది. పావు వంతు. సగం. డప్పు హోరెత్తింది. "ఇంకా! ఇంకా!" కిందికి పోతే ఎంత హాయిగా ఉంటుందో ఆ ఒళ్ళకు తెలుసు. కీళ్ళమీద బరువంతా పడేసి కళ్ళు మూసుకోవచ్చు. నేల ఆమెను పిలుస్తోంది, జనం నేలవైపుకే తోస్తున్నారు.

ఆమె ఆగింది.

ఏదీ ఆనించుకోకుండా, ఏ కీలూ బిగించకుండా, ఆకాశంకేసి ముఖం పెట్టి సగంలో నిలబడిపోయింది. పైన కర్ర తిరుగుతూనే ఉంది. ఒకటి. రెండు. "ఏటే, ఈయేడు బిగిసిపోనావేటి!" అని ఎవరో కేకేశారు. కొంతమంది నవ్వారు. నాలుగు. ఐదు. నవ్వులు తగ్గాయి. డప్పు కొట్టేవాడు ఆమె ఇంకా దిగుతుందని చూసి చూసి దరువు నెమ్మది చేశాడు. ఎనిమిది. కర్ర గాలి చప్పుడు ముందు వరసలకు వినిపించింది. తొమ్మిది.

పది అయ్యాక, ఎలా దిగిందో అంత మెల్లగా పైకి లేచింది.

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు కొట్టలేదు. ముందు వరసలో ఒక ముసలాయన పక్కవాడితో "పోయినేడే బాగుంది" అన్నాడు. అది అసిరికి వినిపించింది. బాధ కూడా వేసింది, కొంచెం.

ఆమె పందిరి పక్కకు వచ్చి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కూర్మారావు ఇచ్చిన చెంబెత్తి నీళ్ళు తాగుతోంది. గౌరునాయుడు జనాన్ని తోసుకుంటూ తవిటినాయుడి దగ్గరికి వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఏటి నాయుడూ ఇది? నా పరువు తీసీసింది. పోయినేడు తల నేలకానించిన గుంట, ఈయేడు సగంలో ఆగిపోనాది. పంతొమ్మిదేళ్ళకే ముసిల్దయిపోనాదా ఏటి?"

తవిటినాయుడు తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు. నీళ్ళు తాగుతున్న అసిరికేసి ఒకసారి చూశాడు.

"ఇంకా అవ్వలేదు బావూ" అన్నాడు. "ఆ ముందు కర్ర పట్టుకునే ముసిల్దవ్వాల."